బయట పెట్టెకు చోటు తేలితేనే ఏ హీటింగో తేలుతుంది

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు నలుగురు ఒకచోట చేరితే, గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ (బయటి గాలిలోంచో నేలలోంచో వేడి లాగి ఇంట్లోకి పంపే యంత్రం) పెట్టించాలా అన్న ప్రస్తావన ఈ మధ్య తప్పకుండా వస్తోంది. వచ్చిన రెండు నిమిషాల్లో మాట కంపెనీల మీదకీ, ప్రభుత్వమిచ్చే ఏడున్నర వేల పౌండ్ల గ్రాంటు మీదకీ మళ్లుతుంది. ప్లానింగ్, అంటే స్థానిక కౌన్సిల్ అనుమతి సంగతి ఎవరైనా ఎత్తితే, “ఇప్పుడు పర్మిషన్ అక్కర్లేదటగా” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క సగమే నిజం. దరఖాస్తు అక్కర్లేదంటే అర్థం, చట్టం కొన్ని షరతులు రాసిపెట్టి, వాటికి లోబడినవాళ్లందరికీ ముందుగానే అనుమతి ఇచ్చేసిందని. దీన్నే పర్మిటెడ్ డెవలప్‌మెంట్ అంటారు. ఒక్క షరతు తప్పినా ఆ అనుమతి మీ ఇంటికి లేనట్టే. అప్పుడు మామూలు ప్లానింగ్ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

ఆ షరతుల్లో ఎక్కువ భాగం యంత్రం గురించి కావు, దాన్ని ఎక్కడ పెడతారన్న దాని గురించి. అందుకే ఇక్కడ పోలికను యంత్రాల నుంచి కాక స్థలం నుంచి మొదలుపెడుతున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ నిబంధనలు. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు ప్లానింగ్ చట్టాలు వేరు. కార్డిఫ్‌లోనో గ్లాస్గోలోనో ఉన్నవాళ్లు ఇక్కడి మీటర్లనూ డెసిబెళ్లనూ తమ ఇంటికి అన్వయించుకోవద్దు.

ముందు ఇంటి జాతకం

మొదటి ప్రశ్న, అది ఫ్రీహోల్డ్ (నేలతో సహా మీదే అయిన) ఇల్లా, లీజ్‌హోల్డ్ (గడువుకి లీజు తీసుకున్న) ఫ్లాటా అని. ఫ్లాటయితే బయటి గోడ చాలావరకు మీది కాదు, ఫ్రీహోల్డర్‌ది. ప్లానింగ్ చట్టం సరేనన్నా, ఫ్రీహోల్డర్ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఆ గోడకి మేకు కూడా కొట్టలేరు. పైగా ఫ్లాట్ల భవనానికి ఇచ్చిన మినహాయింపు భవనం మొత్తానికి ఒక్క యూనిట్‌కే. ముప్పై ఫ్లాట్లుంటే మొదట పెట్టినవాళ్లకే అది చెల్లుతుంది, మిగతావాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త ఫ్లాట్లలో చాలాచోట్ల భవనమంతటికీ కలిపి హీట్ నెట్‌వర్క్ ఉంటుంది. అలాంటిచోట ఎంచుకోవడానికి ఏమీ ఉండదు, బిల్లు సరిచూసుకోవడమే.

రెండోది, ఇల్లు లిస్టెడ్ బిల్డింగా, అంటే చారిత్రక విలువ ఉందని చట్టం కాపాడే కట్టడమా అని. హిస్టారిక్ ఇంగ్లండ్ జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. లిస్టెడ్ అయితే, ఆ ఇంటి ఆవరణలో ఎక్కడ పెట్టినా ఎయిర్ సోర్స్ హీట్ పంప్‌కి, అంటే బయట ఫ్యాన్ పెట్టెతో గాలిలోంచి వేడి లాగేదానికి, మినహాయింపు లేదు. ప్లానింగ్ పర్మిషన్ కావాలి, కట్టడాన్ని తాకే పనులకు లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ విడిగా కావాలి. లోపల పాత గోడలకు కన్నాలు పెట్టి పైపులు లాగడం కూడా ఈ రెండోదాని కిందకి రావచ్చు. కన్సెంట్‌కి కౌన్సిల్ ఫీజు తీసుకోదు కానీ, అది లేకుండా పని చేయించడం క్రిమినల్ నేరం.

మూడోది కన్జర్వేషన్ ఏరియా (పాత రూపం చెడకుండా కౌన్సిల్ కాపాడే ప్రాంతం), లేదా వరల్డ్ హెరిటేజ్ సైట్. ఇక్కడ ఇల్లు మామూలుదే అయినా, ఎయిర్ సోర్స్ యూనిట్‌ని వీధి వైపు గోడకీ, వీధి వైపు కప్పు మీదా పెట్టకూడదు. ఇంటి ముఖానికన్నా వీధికి దగ్గరగా, ముందు తోటలో నేల మీద కూడా పెట్టకూడదు. బాత్ నగరం మొత్తం వరల్డ్ హెరిటేజ్ సైటే కాబట్టి, అక్కడ ఏ వీధిలో ఇల్లు కొన్నా ఈ షరతు వెంట వస్తుంది. మూలమీద ఇల్లయితే రెండు వీధులూ లెక్కలోకి వస్తాయి. వెనక పెరటి గోడ పక్కనుంచి పబ్లిక్ ఫుట్‌పాత్ పోతుంటే దాన్నీ తీసిపారేయకండి. చట్టంలో రోడ్డు అంటే కార్లు తిరిగేదే కాదు, నడిచేవాళ్ల దారి కూడా అవుతుంది. ఇలాంటి చోట కౌన్సిల్‌ని ముందే అడగడం మంచిది.

నాలుగోదాన్ని చాలామంది చూడరు. మిల్టన్ కీన్స్, రెడింగ్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువగా కొనే కొత్త ఎస్టేట్లలో, బిల్డర్‌కి ఇచ్చిన అసలు ప్లానింగ్ పర్మిషన్‌లోనే ఇంటివాళ్ల పర్మిటెడ్ డెవలప్‌మెంట్ హక్కుల్లో కొన్నింటిని తీసేసి ఉండొచ్చు. పాత కాలనీల్లో కౌన్సిల్ ఆర్టికల్ 4 డైరెక్షన్ వేసి అదే పని చేస్తుంది. రెండూ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి ప్లానింగ్ చరిత్రలో దొరుకుతాయి. వీటికి తోడు టైటిల్ (ఇంటి హక్కు) కాగితాల్లో కవెనెంట్లు, అంటే కట్టుబడాల్సిన షరతులు ఉంటాయి, “మేనేజ్‌మెంట్ కంపెనీ అనుమతి లేకుండా బయట ఏదీ బిగించరాదు” లాంటివి. ఇది ప్లానింగ్ విషయం కాదు, కౌన్సిల్‌కి సంబంధమూ లేదు. కానీ ఇల్లు అమ్మేటప్పుడు మెడకు చుట్టుకునేది ఇదే. కొన్నప్పుడు సొలిసిటర్ పంపిన రిపోర్టు ఏ ఈమెయిల్‌లో ఉందో వెతికి చదవండి, గంట కూడా పట్టదు.

ఎయిర్ సోర్స్: 2025 మే 29 తర్వాత ఏం మారింది

జాతకంలో దోషం లేకపోతే, మెజారిటీ ఇళ్లకు మొదట పరిశీలించాల్సింది ఎయిర్ సోర్స్ హీట్ పంపే. 2025 మే వరకు విన్న అడ్డంకుల్లో సగం ఇప్పుడు లేవు. పాత నిబంధన ప్రకారం యూనిట్ పక్కింటి సరిహద్దుకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. బయట యూనిట్ 0.6 ఘనపు మీటర్లు దాటకూడదు. ఇంటికి ఒక్కటే. 2025 మే 29 నుంచి ఇంగ్లండ్‌లో ఆ ఒక మీటరు నియమం పోయింది. ఇళ్లకు పరిమాణం 1.5 ఘనపు మీటర్లకు పెరిగింది. డిటాచ్డ్ (విడిగా నిలబడ్డ) ఇంటికి రెండు యూనిట్ల దాకా పెట్టుకోవచ్చు. ఫ్లాట్ల భవనాలకు మాత్రం 0.6 అలాగే ఉంది.

పరిమాణం పెరగడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పెద్దిళ్లవాళ్లకు అదే ముఖ్యం. సుమారు 1.1 మీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు, 1.4 మీటర్ల ఎత్తున్న రెండు ఫ్యాన్ల యూనిట్ లెక్కగడితే 0.69 వస్తుంది. పాత చట్టంలో అది దరఖాస్తు కేసు. దాన్ని తప్పించుకోవడానికి ఇన్‌స్టాలర్లు ఒక సైజు తగ్గించి చిన్న యూనిట్ అంటగట్టేవాళ్లు. చలి ముదిరిన రోజున ఇల్లు వేడెక్కక ఇంటివాళ్లు తిట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఆ సాకు లేదు. ఇంకా “అది పెద్దది, పర్మిషన్ కావాలి” అని ఎవరైనా అంటే, వాళ్లు పాత కాగితం చూసి మాట్లాడుతున్నారని అర్థం. ఒక్క జాగ్రత్త: కొలతలోకి యూనిట్ పైతొడుగు కూడా వస్తుంది. శబ్దం ఆపడానికి దాని చుట్టూ పెద్ద పెట్టె కట్టించాలనుకుంటే, ఆ పెట్టెనీ లెక్కిస్తారేమో కౌన్సిల్‌ని ముందే అడగాలి.

మిగిలిన షరతులు అలాగే ఉన్నాయి. ఏటవాలు కప్పు మీద పెట్టకూడదు. సమతలంగా ఉన్న కప్పు మీద పెడితే అంచునుంచి మీటరు లోపలికి ఉండాలి. కన్జర్వేషన్ ఏరియా కాకపోయినా, వీధి వైపు గోడకు గ్రౌండ్ ఫ్లోర్ దాటి పైకి బిగించకూడదు. ఇంటికి విండ్ టర్బైన్ ఉంటే మినహాయింపు వర్తించదు. వీలైనంతవరకు కంటికి ఆననిచోట, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది లేనిచోట పెట్టాలి. పని తీరిపోయాక తీసేయాలి. ఇంకోటి, మనవాళ్లు తరచూ అడిగేది: కేవలం చల్లదనం కోసం పెట్టే ఏసీ ఈ హీట్ పంప్ మినహాయింపు కిందకి రాదు. వేసవిలో బెడ్రూమ్‌కి ఏసీ బిగించి “అది కూడా హీట్ పంపేగా” అంటే కౌన్సిల్ నమ్మదు.

హైదరాబాద్‌లో ఏసీ బయట యూనిట్‌ని గోడ ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ బిగించేస్తాం, అది పక్కింటి కిటికీ కిందకి వచ్చినా అడిగేవాళ్లుండరు. ఆ అలవాటు ఇక్కడ కుదరదు. మీటరు నియమం తీసేశాక సరిహద్దు కంచెకి ఆనించి కూడా పెట్టొచ్చన్నది నిజమే, అయితే శబ్దం లెక్క నెగ్గాలి. ఆచరణలో ఇప్పుడు అసలు గేటు అదే.

శబ్దం లెక్క

పర్మిటెడ్ డెవలప్‌మెంట్ వర్తించాలంటే ఇన్‌స్టలేషన్ ఎంసీఎస్ (ఇలాంటి యంత్రాలకూ వాటిని బిగించేవాళ్లకూ సర్టిఫికెట్ ఇచ్చే పథకం) ప్లానింగ్ ప్రమాణానికో, దానికి సమానమైన ప్రమాణానికో లోబడాలి. ఆ ప్రమాణం పేరు ఎంసీఎస్ 020. పక్కింట్లో మనుషులుండే గది కిటికీకి ఒక మీటరు బయట ఎంత శబ్దం వినబడుతుందో కాగితం మీద లెక్కగట్టాలి. బాత్రూమ్ కిటికీ లెక్కలోకి రాదు. ఇంతకుముందు పరిమితి 42 డెసిబెళ్లు, ఇప్పుడు 37. దీంతో నిబంధన బిగించారని కొందరు కంగారుపడ్డారు. నిజానికి మారింది పరిమితి కన్నా పద్ధతి. పాత లెక్కలో పరిసరాల శబ్దం 40 డెసిబెళ్లని ఊహించుకుని, దాన్ని పంప్ శబ్దంతో కలిపేవారు. డెసిబెళ్లు మామూలు కూడికలా కలవవు. 40కి 37 కలిపితే వచ్చేది దాదాపు 42. ఇప్పుడు పరిసరాలను పక్కనపెట్టి పంప్ శబ్దాన్నే కొలుస్తున్నారు, అంతే.

లెక్క కష్టమేం కాదు. ఇన్‌స్టాలర్ నుంచి కోట్ (ఖర్చు అంచనా) వచ్చాక మీరే వేసి చూసుకోవచ్చు. ముందుగా యూనిట్ సౌండ్ పవర్, అంటే అది మొత్తంగా వెలువరించే శబ్దం ఎంతో చూడాలి. ఇది ఎనర్జీ లేబుల్ మీద ఉంటుంది. బ్రోషర్‌లో పెద్దక్షరాలతో వేసే అంకె చాలాసార్లు ఇది కాదు. అది కొంత దూరంలో కొలిచిన సౌండ్ ప్రెషర్, ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంది. రెండూ డెసిబెళ్లలోనే ఉంటాయి కాబట్టి ఇక్కడే అందరూ తికమకపడతారు.

సౌండ్ పవర్ 58 డెసిబెళ్లున్న యూనిట్‌ని వెనక గోడకి ఆనించి నేల మీద పెట్టారనుకుందాం. గోడా నేలా కలిపి శబ్దాన్ని తిప్పికొట్టే ముఖాలు రెండు. పక్కింటి కిటికీ దగ్గరి కొలత స్థానం నాలుగు మీటర్ల దూరంలో ఉంటే, ఈ దూరానికి 17 డెసిబెళ్లు తగ్గుతాయి. మిగిలింది 41, అంటే ఫెయిల్. మధ్యలో కంచె వచ్చి యూనిట్‌ని కొంతవరకు కనబడకుండా చేస్తే ఇంకో 5 తీసేయొచ్చు. 36, పాస్. యూనిట్ అసలే కనబడకుండా గట్టి గోడ అడ్డం ఉంటే 10 తగ్గుతుంది. 31, హాయిగా పాస్. దూరం రెట్టింపయి ఎనిమిది మీటర్లయితే మరో 6 డెసిబెళ్లు తగ్గుతాయి కాబట్టి అడ్డు లేకపోయినా 35.

అదే యూనిట్‌ని రెండు గోడలు కలిసే మూలలోకి తోశారనుకోండి. చాలామంది చేసేది ఇదే, మూలయితే తోటలో చోటు కలిసొస్తుందని. తిప్పికొట్టే ముఖాలు మూడవుతాయి, శబ్దం 3 డెసిబెళ్లు పెరుగుతుంది. నాలుగు మీటర్ల దగ్గర 44. కంచె 5 తగ్గించినా 39, ఫెయిలే. మూలనుంచి గోడ మధ్యకి జరిపితే నెగ్గేది, జరపకపోతే కౌన్సిల్‌కి దరఖాస్తు. ఖరీదైన నిశ్శబ్ద మోడల్ కొనే ముందు ఉన్న యూనిట్‌కే చోటు మార్చి చూడమనేది అందుకే.

సెమీ డిటాచ్డ్ (రెండేసి అతికి ఉండే) ఇళ్ల మధ్య సందు ఇంకా మోసం. అక్కడ కంటికి కనబడదు, బాయిలర్ పైపులూ దగ్గరే, ఇన్‌స్టాలర్‌కి సులువు. కానీ రెండు గోడల మధ్య శబ్దం కొట్టుకుంటుంది, పక్కింటివాళ్ల కిటికీ రెండు మూడు మీటర్లలోనే ఉంటుంది. పైగా యూనిట్ వదిలే చల్లగాలి ఆ సందులోనే తిరిగి దాంట్లోకే పోతే పని తీరూ దెబ్బతింటుంది. సందు అన్నది చివరి ఎంపిక.

చోటు చూసేటప్పుడు చట్టంలో లేని ఒక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బయట రెండు నుంచి అయిదు డిగ్రీల మధ్య, గాలిలో తేమ ఎక్కువున్న రోజున యూనిట్ రెక్కల మీద మంచు పేరుతుంది. ఉండుండి అది తిరగబడి పనిచేసి ఆ మంచును కరిగించుకుంటుంది. తెల్లటి ఆవిరి లేస్తుంది, కింద నీళ్లు కారతాయి. ఆ నీళ్లు పక్క తలుపు ముందున్న దారిలోకి పారితే రాత్రికి గడ్డకట్టి, పొద్దున బిన్ బయట పెట్టడానికి వెళ్లినవాళ్లు జారిపడతారు. యూనిట్ కింద గులకరాళ్ల గుంటలోకి నీరు ఇంకేట్టు చేస్తారా లేదా అని కోట్ దశలోనే అడగండి.

శబ్దం లెక్క కాగితం మీద నెగ్గినంతమాత్రాన పక్కింటివాళ్ల హక్కులు పోవు. యూనిట్ వదులై రాత్రంతా గూంగూం అంటుంటే, 1990 నాటి ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ చట్టం కింద వాళ్లు కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. పర్మిటెడ్ డెవలప్‌మెంట్‌కి పక్కింటివాళ్ల సంతకం అక్కర్లేదు. అయినా పని మొదలయ్యే ముందు ఒకసారి తలుపు తట్టి, ఎక్కడ పెడుతున్నామో చూపించి వస్తే మేలు.

గ్రౌండ్ సోర్స్: కాగితం మీద సులువు, తవ్వడం దగ్గర కష్టం

ప్లానింగ్ పరంగా చూస్తే గ్రౌండ్ సోర్స్ హీట్ పంపే సుఖం. ఇంటి ఆవరణలో పెట్టుకుంటే అది పర్మిటెడ్ డెవలప్‌మెంట్. బయట ఫ్యాన్ లేదు, శబ్దం లెక్క లేదు, వీధికి కనబడే పెట్టె లేదు. కన్జర్వేషన్ ఏరియాలో ముందు వైపు తప్ప ఖాళీ లేని ఇంటికి ఇది తలుపు తెరుస్తుంది. తవ్వి పైపులు వేసి పూడ్చేశాక పైన గడ్డి మొలుస్తుంది.

కానీ ప్లానింగ్ వదిలినచోట వేరే అనుమతులు పట్టుకుంటాయి. తోటలో ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్ ఉన్న చెట్టుంటే, వేళ్ల గుండా కాలువ తవ్వడానికి కౌన్సిల్ ఒప్పుకోవాలి. కన్జర్వేషన్ ఏరియాలో మామూలు చెట్టుకైనా ఆరు వారాల ముందు నోటీసు ఇవ్వాలి. నేలలోంచి నీళ్లు తోడి వేడి లాగే ఓపెన్ లూప్ పద్ధతిలో, రోజుకి 20 ఘనపు మీటర్లు దాటితే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లైసెన్సు కావాలి. పాత బొగ్గు గనుల ప్రాంతాల్లో బొగ్గు పొరల గుండా బోరు వేయాలంటే మైనింగ్ రెమిడియేషన్ అథారిటీ అనుమతి కావాలి. 2024 దాకా దీని పేరు కోల్ అథారిటీ.

ఇక డబ్బు. ఎయిర్ సోర్స్‌కి గ్రాంటు తీయకముందు సుమారు 12, 13 వేల పౌండ్లు అవుతుంటే, గ్రౌండ్ సోర్స్ 20 వేలు దాటడం మామూలే. గ్రాంటు మాత్రం రెండింటికీ ఒకటే, 7,500. తోట పెద్దదై, ఎలాగూ తవ్వకాలు పెట్టుకుంటున్నవాళ్లకో, ఎయిర్ సోర్స్ పెట్టడానికి చట్టబద్ధమైన చోటే లేనివాళ్లకో తప్ప నేను దీన్ని సూచించను. బోరు రిగ్గు వెనక తోటలోకి పోవడానికి దారి ఉందా అన్నది చూశారా? వరసగా అతికి ఉండే టెర్రస్ ఇళ్లలో చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

మిగతావి

కట్టెల గుళికల బాయిలర్, అంటే బయోమాస్, పట్టణాల్లో ఉన్నవాళ్లు తలచుకోనక్కర్లేదు. గొట్టం కప్పు శిఖరానికి మీటరులోపు ఎత్తులో ఉంటే ప్లానింగ్ దరఖాస్తు అక్కర్లేదు. కన్జర్వేషన్ ఏరియాలో అయితే అది వీధి వైపు గోడ మీదా కప్పు మీదా ఉండకూడదు. కానీ లండన్‌లో చాలాభాగం, పెద్ద పట్టణాలు పొగ నియంత్రణ ప్రాంతాలు. అక్కడ అనుమతించిన యంత్రమే వాడాలి, చిమ్నీ నుంచి పొగ కక్కితే 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా ఉంది. 5,000 పౌండ్ల గ్రాంటు కూడా గ్యాస్ లైన్ లేని పల్లె ఇళ్లకే. ఆయిల్ ట్యాంకుతో నెట్టుకొస్తున్న పల్లె ఇంటికి ఇది ఒక దారే, అయితే ఎయిర్ సోర్స్ కుదరదని తేలాకే. గుళికల బస్తాలు మోయడం, బూడిద తీయడం ప్రతి వారం పని.

సోలార్ థర్మల్ పలకలు వేడినీళ్లకే, ఇల్లు వెచ్చబెట్టడానికి కాదు. ఏటవాలు కప్పు మీద 20 సెంటీమీటర్లకు మించి పైకి పొడుచుకు రాకపోతే మామూలుగా అనుమతి గొడవ లేదు. ఇప్పుడు పెట్టేవాళ్లు తక్కువ. అదే కప్పు మీద కరెంటు పలకలు పెట్టి ఆ కరెంటుతో హీట్ పంప్ నడుపుకోవడం మేలు.

ఇక కరెంటు స్టోరేజ్ హీటర్లు, ఇన్‌ఫ్రారెడ్ పలకలు. బయట ఏమీ ఉండదు కాబట్టి ప్లానింగ్ ఊసే లేదు. గోడ మీద హక్కు లేని ఫ్లాట్‌వాళ్లకు చాలాసార్లు ఇదొక్కటే మిగులుతుంది. పెట్టడం చవక, నడపడం ఖరీదు. ఒక యూనిట్ కరెంటు ధర ఈమధ్య గ్యాస్ యూనిట్ ధరకు నాలుగింతల దగ్గర ఉంటోంది. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటు తీసుకుని మూడు యూనిట్ల వేడి ఇస్తుంది కాబట్టి తట్టుకుంటుంది, వీటికి ఒకటికి ఒకటే. రాత్రి చవక టారిఫ్ ఉండి, ఫ్లాట్ చిన్నదై, గోడల్లోంచి వేడి పోకుండా ఉంటే సర్దుకుపోవచ్చు. వీటికి గ్రాంటు లేదు.

ఏ ఇంటికి ఏది

హారో, హౌన్స్‌లో వైపు 1930ల సెమీ డిటాచ్డ్ అయితే సందేహం అక్కర్లేదు. ఎయిర్ సోర్స్, వెనక గోడ మధ్యలో, పక్కింటివాళ్లు ఎక్స్‌టెన్షన్ కట్టుకుని ఉంటే దాని గోడే అడ్డుగా వచ్చేలా. వాళ్లు కట్టుకోకపోతే కంచె ఎత్తు చూసుకోవాలి. వెనక తోటలో రెండు మీటర్ల వరకు కంచెకు అనుమతి అక్కర్లేదు.

విక్టోరియా కాలపు టెర్రస్, కన్జర్వేషన్ ఏరియాలో, వెనక చిన్న పెరడు: ఇది చిక్కు కేసు. చట్టం వెనక పెట్టుకోమంటుంది, శబ్దం లెక్క వెనక ఒప్పుకోదు. 58 డెసిబెళ్ల యూనిట్‌కి రెండు మీటర్ల దూరంలో కిటికీ ఉంటే 47 వస్తుంది. ఇటుక గోడ పూర్తిగా అడ్డం ఉన్నా సరిగ్గా 37, అంచుమీద. ఇలాంటిచోట సౌండ్ పవర్ తక్కువున్న చిన్న యూనిట్ కోసం ముందు అటకకు ఇన్సులేషన్ వేయించి, కిటికీల గాలి ఆపి, ఇంటికి కావల్సిన వేడినే తగ్గించుకోవడం నయం. అప్పటికీ కుదరకపోతే ప్లానింగ్ దరఖాస్తు పెట్టండి. పర్మిటెడ్ డెవలప్‌మెంట్‌లో ఫెయిలయింది దరఖాస్తులో తప్పకుండా ఫెయిలవ్వాలని లేదు. కౌన్సిల్ అసలు పరిసరాల శబ్దాన్ని పరిగణనలోకి తీసుకోగలదు.

కొత్త ఎస్టేట్‌లో డిటాచ్డ్ ఇల్లయితే స్థలం సమస్య కాదు, కాగితాలే సమస్య. కవెనెంటు, ప్లానింగ్ షరతు చూసుకున్నాక ఎయిర్ సోర్స్‌కి వెళ్లండి. బాయిలర్ ఇంకా అయిదేళ్లదే అయితే తొందరేం లేదన్నది నా మాట.

ఆసుపత్రి ఉద్యోగాల మీద గ్యాస్ లేని చిన్న ఊళ్లకు వెళ్లిన మన డాక్టర్ల ఇళ్లకు లాభం ఎక్కువ. ఆయిల్‌తో పోలిస్తే లెక్క త్వరగా కుదురుతుంది, చుట్టూ దూరం ఉంటుంది కాబట్టి శబ్దం గోలే ఉండదు. అక్కడ లిస్టెడ్ కాటేజీల సంఖ్యా ఎక్కువే, జాబితా చూడకుండా అడుగు వేయకండి.

గడువులూ కాగితాలూ

గ్రాంటు ఇచ్చేది బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్, ఇంగ్లండ్, వేల్స్‌లకు. దరఖాస్తు మీరు పెట్టరు, ఎంసీఎస్ సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలరే ఆఫ్‌జెమ్‌కి (గ్యాస్, కరెంటు నియంత్రణ సంస్థ) పెట్టి ఆ మొత్తాన్ని మీ బిల్లులో తగ్గిస్తారు. గ్యాస్ బాయిలర్‌ని తోడుగా ఉంచుకుంటామంటే గ్రాంటు రాదు. హీట్ పంప్ మీద వ్యాట్ 2027 మార్చి 31 వరకు సున్నా.

ఒక ముడి ఇక్కడ ఉంది. గ్రాంటు ఖాయమైందని ఇచ్చే వోచర్ ఎయిర్ సోర్స్‌కయితే మూడు నెలలే చెల్లుతుంది, గ్రౌండ్ సోర్స్‌ది ఆరు. ప్లానింగ్ దరఖాస్తు మీద కౌన్సిల్ తేల్చడానికి మామూలు గడువు ఎనిమిది వారాలు, అదీ దరఖాస్తు సవ్యంగా ఉందని వాళ్లు ఒప్పుకున్న రోజు నుంచి. మీ ఇంటికి పర్మిషన్ కావాలని తెలిసీ ముందు వోచర్ తీసుకుంటే, కౌన్సిల్ జవాబు వచ్చేసరికి వోచర్ చివరికొస్తుంది. పర్మిషన్ చేతికొచ్చాకే వోచర్‌కి పెట్టమని ఇన్‌స్టాలర్‌కి గట్టిగా చెప్పండి. డిపాజిట్ ఇచ్చే ముందు శబ్దం లెక్క కాగితం చేతికి ఇవ్వమని కూడా. “పని అయ్యాక ఇస్తాం” అంటే ఇంకో కోట్ తెచ్చుకోండి.

సందేహం మిగిలిపోతే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ అడగొచ్చు. అంటే మీరు చేయబోయే పనికి పర్మిషన్ అక్కర్లేదని కౌన్సిల్ రాసిచ్చే కాగితం. ఫీజు మామూలు దరఖాస్తులో సగం. వెనక గోడకి పెట్టుకునే, నాలుగు వైపులా దూరం ఉన్న ఇంటికి ఇది దండగ ఖర్చు. కన్జర్వేషన్ ఏరియాలో మూలమీద ఇల్లుంటే మాత్రం పెట్టాల్సిందే.

బిల్డింగ్ రెగ్యులేషన్స్ అన్నవి దీనికి వేరు. పర్మిటెడ్ డెవలప్‌మెంట్ ఉన్నా అవి వర్తిస్తాయి. ఇన్‌స్టాలర్ కాంపిటెంట్ పర్సన్ స్కీమ్‌లో (తమ పనిని తామే ధ్రువీకరించుకునే హక్కున్న నమోదు పథకం) ఉంటే తనే ధ్రువీకరించి సర్టిఫికెట్ పంపిస్తారు. 2022 జూన్ నుంచి, హీటింగ్ మొత్తం కొత్తగా వేస్తే రేడియేటర్లలోకి పోయే నీరు 55 డిగ్రీలు దాటకుండానే ఇల్లు వేడెక్కేలా డిజైన్ చేయాలి. అందుకే కొన్ని రేడియేటర్లు పెద్దవి పడతాయి. ఆ ఖర్చు కోట్‌లో ఉందో లేదో చూడండి. కరెంటు లైను కంపెనీకి సమాచారం ఇవ్వడం కూడా ఇన్‌స్టాలర్ పనే.

పర్మిషన్ లేకుండా పెట్టిన యూనిట్ మీద కౌన్సిల్ చర్య తీసుకునే గడువు ఇంతకుముందు నాలుగేళ్లు. 2024 ఏప్రిల్ 25 తర్వాత పూర్తయిన పనులకు ఇంగ్లండ్‌లో పదేళ్లయింది. లిస్టెడ్ ఇళ్లకు గడువే లేదు. పదేళ్లలోపు ఇల్లు అమ్మేవాళ్లు ఎందరో ఉంటారు. కొనేవాళ్ల సొలిసిటర్ అడిగేది ఎంసీఎస్ సర్టిఫికెట్, బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్, శబ్దం లెక్క, ఫ్లాటయితే ఫ్రీహోల్డర్ ఒప్పుకున్న ఉత్తరం. పెట్టిన కంపెనీ అప్పటికి మూతపడి ఉన్నా మీ దగ్గర పీడీఎఫ్‌లుంటే పని ఆగదు. పని ముగిసిన వారంలోనే అవన్నీ అడిగి తీసుకుని, చివరి బిల్లు ఆ తర్వాత కట్టండి.